డొక్కు లాప్‌టాప్, చుండూరు కాయితాలు



మొన్న ఆగస్టు 6న చుండూరు రక్తక్షేత్రం దగ్గర నివాళి అయ్యాక చెట్టు కింద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. గుంటూరు నుంచి వచ్చిన యూనివర్సిటీ పిల్లలు చుట్టూ చేరారు. ఒక తమ్ముడు నవ్వుతూ, "అన్నా, ఇది లాప్‌టాపా, ఇటుకా? ఇంకా ఈ డొక్కు దాన్నే మోస్తున్నావా?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. వెనకాల నిలబడ్డ ఒక చెల్లెలు మాత్రం నవ్వలేదు. "పాతవి వాడటం మనకేమన్నా కొత్తా అన్నా? మా తాత దొరగారి పాత చొక్కాలే కట్టాడు. నువ్వు మళ్లీ పాతదే మేలంటే ఎలా?" అంది.

అక్కడ నాకు సరైన జవాబు దొరకలేదు. బాపట్ల వైపు రైలెక్కాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఈ వారం భాగం ఆ చెల్లెలికి జవాబు.

ముందు ఆమె చెప్పినదాంట్లో నిజం ఎంతుందో చూద్దాం.

మనుస్మృతి 10వ అధ్యాయం ఎప్పుడైనా చదవండి. చండాలుడు ఊరి బయట ఉండాలి, పగిలిన కుండల్లో తినాలి, శవాల మీది బట్టలు కట్టుకోవాలి అని రాసుంది. అదే అధ్యాయంలో ఇంకాస్త ముందుకెళితే సేవ చేసే శూద్రుడికి ఏమివ్వాలో ఉంటుంది: ఎంగిలన్నం, పాత బట్టలు, తాలు గింజలు, ఇంట్లో పాతబడిన సామాను. అంటే పాత వస్తువు ఎవరి చేతికి చేరాలో ఈ దేశంలో శాస్త్రం రాసి మరీ పంచారు. కొత్త వస్తువు పైన పుడుతుంది, వాడాక కిందికి దిగుతుంది. చివరికి ఎవరి దగ్గర ఆగుతుందో వాళ్లే అంటరానివాళ్లు.

1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ మనవాళ్లకి చెప్పిన మాటల్లో చెరువు నీళ్లు ఒక్కటే లేవు. చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడు అడుక్కోవడం మానండి అని కూడా చెప్పాడు. ఆ డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. ఆయన సూటూ బూటూ ఎందుకు వేశాడో అర్థం కావాలంటే శవాల బట్టల సంగతి ముందు తెలియాలి.

చుండూరు కథలోనూ ఇదే ఉంది. ఊరికి రైల్వే స్టేషన్ ఉంది. మాలపల్లె పిల్లలు చదువుకున్నారు, కొందరికి రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని సినిమా హాల్లో కుర్చీలో కూర్చున్నారు. 1991 జూలైలో గొడవ మొదలైంది ఆ హాల్లోనే, కాలు తగిలిందన్న మాట మీద. తర్వాత సాంఘిక బహిష్కారం పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని వెంటాడి చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో వేశారు. పాత చొక్కా కట్టుకుని చేతులు కట్టుకు నిలబడి ఉంటే చంపేవాళ్లు కాదు. కొత్త చొక్కా వాళ్లకి నేరంగా కనిపించింది.

కాబట్టి చెల్లెలు అడిగింది న్యాయమే. 'పాతది గొప్పది' అని మన వాడలో ఎవరన్నా చెబితే అనుమానించాల్సిందే. మరి నేనెందుకు ఈ ఇటుకని మోస్తున్నాను?

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి.

1991 ఆగస్టు 6. మన వాళ్లని నరికిన ఆ తేదీనే టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన వరల్డ్ వైడ్ వెబ్ గురించి ఇంటర్నెట్ చర్చావేదికలో బహిరంగంగా ప్రకటించాడు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనిచేసేవాడు. ఇవాళ మీరు ఇది చదువుతున్నది ఆ వెబ్ మీదే. ఇంకో పందొమ్మిది రోజులకి, ఆగస్టు 25న, ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తాను ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. నా డొక్కు లాప్‌టాప్ నడిచేది దాని మీదే. ఈ తేదీలు కలవడంలో ఏ మహిమా లేదు. కానీ ఒక తేడా చూడండి. బెర్నర్స్ లీ వాడిన కంప్యూటర్ని వాళ్లు పారెయ్యలేదు. దాన్ని ఆపొద్దని చేత్తో రాసి అంటించిన చీటీతో సహా దాచి ప్రదర్శనకి పెట్టారు. వాళ్ల చరిత్రలో పాత మిషను సాక్షి. అదే రోజు మన వాడలో జరిగినదానికి సాక్ష్యాలు ఎక్కడ దాచాం?

చుండూరు బాధితులు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. ఘటన జరిగిన చోటే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కోర్టు నడవడం ఈ దేశానికి కొత్త. బొజ్జా తారకం గారి లాంటి న్యాయవాదులు ఏళ్ల తరబడి వెంట నిలబడ్డారు. తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 21 మందికి జీవిత ఖైదు, 35 మందికి ఏడాది జైలు. అప్పటికి పదహారేళ్లు గడిచాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చంపింది ఏ సమయంలో, ఏ చోట, ఎవరు అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. ఈ మూడు మాటలు నా బుర్రలో మేకుల్లా దిగాయి. ప్రాణభయంతో పరిగెత్తిన మనిషి గడియారం చూసుకుని ఉండాల్సిందట! పదహారేళ్లు ఒకే మాట చెప్పాలి, ఒక్క వివరం మారకూడదు. మనిషి జ్ఞాపకం మీద అంత బరువు పెట్టేవాళ్లతో పోరాడాలంటే మన దగ్గర కాయితం ఉండాలి, ఫోటో ఉండాలి, గొంతు ఉండాలి. అవి కేసు కన్నా ఎక్కువ కాలం బతకాలి.

2000ల మొదట్లో నేను తెనాలిలో డీటీపీ పని చేసేవాణ్ని. కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, వర్ధంతి సంచికలు అన్నీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతోనే కంపోజ్ చేసేవాళ్లం. యూనికోడ్ అలవాటు కాకముందు తెలుగు అచ్చంతా దాదాపు అలాంటి ఫాంట్ల మీదే నడిచింది. వాటిలో కీబోర్డు మీది ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చి పెడతారు. తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లిష్ అక్షరాల చెత్త కనపడుతుంది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో ఆగిపోయింది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది ఎప్పుడో తెలుసా? 2014 ఏప్రిల్ 8. హైకోర్టు తీర్పుకి సరిగ్గా పద్నాలుగు రోజుల ముందు. కేసు ఇంకా నడుస్తోంది, కేసు కాయితాలు చదివే మిషనుకి మాత్రం కాలం చెల్లింది.

అందుకే మా ఇంట్లో ఎక్స్‌పీతో ఒక ముసలి మిషను ఇంకా ఉంది. దాన్ని నెట్‌కి కలపను, కలిపితే వైరస్‌కి తలుపు తీసినట్టే. ఆ పాత ఫైళ్లు తెరవడానికి, పీడీఎఫ్ చేయడానికి, యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి మాత్రమే అది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 2018లో నేనూ మోజుపడి పల్చటి కొత్త లాప్‌టాప్ వాయిదాల మీద కొన్నాను. దాన్ని పట్టుకుని చుండూరు, చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఐదుగురు పెద్దావిడల మాటలు రికార్డు చేశాను. ఆ రోజు పొలాల్లోకి ఎటు పరిగెత్తారు, పిల్లల్ని ఎక్కడ దాచారు, శవాల కోసం డ్రెయిన్ గట్టున ఎన్ని రోజులు తిరిగారు, అన్నీ చెప్పారు. ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున మిషను ఆన్ కాలేదు. సర్వీస్ సెంటర్లో కుర్రాడు తెరిచి చూశాడు. డిస్కు విడిగా లేదు, బోర్డుకే అతికించేసి ఉంది. "బోర్డు మొత్తం మార్చాలి సార్, డేటాకి మా బాధ్యత లేదు" అన్నాడు. కాపీ తీసి పెట్టుకోకపోవడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ డిస్కు ఊడదీసి ఇంకో దానికి తగిలించుకునే దారి కూడా లేకుండా చేసింది ఎవరు? ఆ ఐదుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ గొంతులు మళ్లీ దొరకవు.

అది పోయాక సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి వాడిన థింక్‌ప్యాడ్ టీ420 తెచ్చుకున్నాను. 2011 నాటి మోడల్. బ్యాటరీ గొళ్లెం జరిపితే చేతిలోకి వస్తుంది. ఒక్క స్క్రూ విప్పితే హార్డ్ డిస్కు బయటికి వస్తుంది. ర్యామ్ ఒకటి అడుగు మూత కింద, ఇంకోటి కీబోర్డు కింద. ఎనిమిదేళ్ల మిషనుకి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి, లినక్స్ ఎక్కించాను. రాయడానికి, చదవడానికి, స్కాన్ చేయడానికి దానితో నాకు ఏ లోటూ లేదు. రేపు అది చచ్చినా డిస్కు జేబులో వేసుకుని ఇంకో మిషనుకి తగిలిస్తాను. నేను పాతదనాన్ని కోరుకోలేదు. తెరుచుకునే తనాన్ని కోరుకున్నాను.

ఈ తెరుచుకునే తనం దానంతటది పోలేదు. 2012లో ఆపిల్ తెచ్చిన రెటీనా మాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని జిగురుతో అంటించారు, ర్యామ్‌ని బోర్డుకి సోల్డర్ చేశారు. పల్చదనం పేరుతో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ప్రాసెసర్‌కి, సెక్యూరిటీ చిప్‌కి కొత్త షరతులు పెట్టి, శుభ్రంగా పనిచేస్తున్న మిషన్లని కూడా అనర్హులన్నారు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. వస్తువు బతికుండగానే దానికి చావు తేదీ రాయడం ఇది.

వస్తువు చచ్చాక ఎక్కడికి పోతుంది? ఢిల్లీ సీలంపూర్ పేరు వినే ఉంటారు. మనం పారేసిన బోర్డుల్ని పేదోళ్లు ఒట్టి చేతులతో పగలగొట్టి, తీగలు కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగీ బంగారం తీస్తారు. ఆ పొగ వాళ్ల పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చూశారా, మనువు గీసిన మెట్లే ఇక్కడా ఉన్నాయి. కొత్తది పైన పుడుతుంది, చెత్త కిందికి దిగుతుంది. ఒక మిషను ఇంకో ఐదేళ్లు నడిస్తే ఆ దిగడం ఐదేళ్లు ఆగుతుంది.

బాగుచేసే విద్య మనకి పరాయిది కూడా కాదు. ఆరె, రంపె పట్టిన మాదిగ తాత తెగిన చెప్పునే కాదు, చిరిగిన మోట తోలునీ కుట్టి పొలాలకి నీళ్లు పారించాడు. ఆ పనికి కులం అంటగట్టి నీచం అన్నారు. ఇవాళ అదే పనికి అమెరికాలో, యూరప్‌లో 'మరమ్మతు హక్కు' అని పేరు పెట్టి ఉద్యమాలు చేస్తున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. చేతిపని తెలిసినవాడికి గౌరవం రాకుండా ఆ హక్కు సగమే వస్తుంది.

ఇక చెల్లెలి ప్రశ్నకి నేరుగా వస్తాను.

ఎవరో విసిరితే తీసుకున్న పాతది వేరు. నువ్వు చూసి, తెరిచి, ఎంచుకున్న పాతది వేరు. ఇంకో రకంగా చెప్పాలంటే, 'వద్దు' అనగలిగినవాడు తీసుకున్నప్పుడే అది ఎంపిక. రెండేళ్ల కింద ఒక హాస్టల్‌కి ఎవరో దాతలు తుక్కు కంప్యూటర్లు ఇచ్చి, దండలు వేయించుకుని, ఫోటోలు దిగి వెళ్లారు. సగం ఆన్ కాలేదు. పిల్లలు నన్ను పిలిస్తే వెళ్లి చూశాను. 'వెనక్కి పంపండి' అన్నాను. బాగుచెయ్యలేక కాదు. మన పిల్లలకి ఇది చాలు అనే ఆ చూపుని బాగుచెయ్యడం నా స్క్రూడ్రైవర్ వల్ల కాదు.

ఇంజినీరింగ్ డ్రాయింగ్, వీడియో ఎడిటింగ్, మెషిన్ లెర్నింగ్ చదివే పిల్లలకి టీ420 సరిపోదు. బరువు ఎక్కువ, బ్యాటరీ తక్కువ, గ్రాఫిక్స్ అసలే తక్కువ. వాళ్లు కొత్తది అడగాలి. స్కాలర్‌షిప్ సకాలంలో ఇమ్మని అడగాలి. మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది. అది ఆపి, 'సెకండ్ హ్యాండ్‌తో సర్దుకో' అనే హక్కు ఎవరికీ లేదు. నేను సర్దుకోవడం గురించి చెప్పట్లేదు.

మీ నుంచి కోరేది ఇది. మీ ఇళ్లలో, మీ ఊరి సంఘాల బీరువాల్లో పాత సీడీలు, పెన్‌డ్రైవ్‌లు, ఆగిపోయిన కంప్యూటర్లు ఉంటాయి. తుక్కోడికి వెయ్యకండి. కారంచేడు, చుండూరు నాటి కరపత్రం, ఫోటో, పాట, పేరు ఏదో ఒకటి వాటిలో ఉండొచ్చు. డిస్కు ఊడదీయడం నేర్చుకోండి. ప్రతిదీ మూడు చోట్ల దాచండి, ఒకటి ఊరి బయట ఉండాలి. అనూలో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చండి. ముసలివాళ్లతో మాట్లాడితే తేదీ, చోటు, పేరు ముందే చెప్పించండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని రేపు మళ్లీ అడుగుతారు.

చెల్లీ, మీ తాత ఆ పాత చొక్కా కట్టుకుని నిన్ను యూనివర్సిటీకి పంపాడు. ఆయన బతికుంటే ఆయన మాటలు రికార్డు చెయ్యి. కొత్త ఫోన్లో చేసినా సరే, కాపీ మాత్రం తియ్యి.

జై భీమ్.

(వచ్చే ఆదివారం మరో భాగం)