పట్టాలో కొట్టేసిన మాట

ఇంట్లో ఫ్యూజు పోతే మనమేం చేస్తాం? "ఏమండీ, ఒకసారి చూడండి" అని మగవాళ్ళను కేకేస్తాం. కరెంటు పని ఆడవాళ్ళది కాదని మనకు ఎవరు చెప్పారో గుర్తులేదు గాని, నమ్మేశాం. మరి 1943లోనే ఒక తెలుగు ఆడపడుచు ఎలక్ట్రికల్ ఇంజనీరు పట్టా పుచ్చుకున్నారంటే ఏమంటారు?

ఆమె అయ్యలసోమయాజుల లలితగారు. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదో ఏట భర్త పోయారు. ఒళ్ళో నాలుగు నెలల పాప! ఆ రోజుల్లో వితంతువు బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మలు చెప్పగా వినే ఉంటారు. లలితగారు మాత్రం మళ్ళీ పుస్తకం పట్టారు. డాక్టరీ చదివితే అర్ధరాత్రి పాపను వదిలి రోగుల దగ్గరికి పరుగెత్తాలి. అందుకని ఇంజనీరింగు కోరుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పూనుకొని అనుమతి సంపాదించారు. 1940లో అంతమంది మగపిల్లల మధ్య ఈమె ఒక్కరే చేరారు. మరుసటి ఏడు లీలమ్మ జార్జి, పి.కె. త్రేస్యా సివిల్ శాఖలో చేరారు. యుద్ధకాలం కనక చదువు కుదించారు. ముగ్గురూ 1943లోనే పట్టభద్రులయ్యారు. తీరా చూస్తే పట్టా కాగితం మీద "అతడు" అనే అచ్చయి ఉంది! అది కొట్టేసి "ఆమె" అని దిద్ది ఇచ్చారు.

తర్వాత లలితగారు కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. అన్నగారి కుటుంబంతో కలిసి ఉండటంవల్ల పాప పెంపకానికి అండ దొరికింది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్ళారు. 1979లో కన్నుమూశారు.

సరిగ్గా ఆ ఏడే సుప్రీంకోర్టులో మరో ఆడకూతురి కేసు తేలింది. సి.బి. ముత్తమ్మగారు 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. అప్పట్లో అక్కడ ఆడ ఉద్యోగి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావలసి వచ్చేది. సంసారం పనికి అడ్డమనుకుంటే రాజీనామా చెయ్యమనే వీలుండేది. మగవాడికి ఆ షరతు ఉండేది కాదు! జస్టిస్ కృష్ణయ్యర్‌గారు ఆ నిబంధనలను గట్టిగా తప్పుపట్టారు.

చూశారా? తలుపు తీసినంత మాత్రాన పీట వేసినట్టు కాదు. పట్టాలో మాట కలంపోటుతో మారింది. మనసులో మాట మారడానికే ఏళ్ళు పడుతుంది. ఆ దిద్దుబాటు మన ఇంట్లోనే మొదలుపెడదాం. ఈసారి ఫ్యూజు పోయినప్పుడు అబ్బాయితోపాటు అమ్మాయినీ పిలిచి, స్క్రూడ్రైవరు చేతికివ్వండి. అబ్బాయిని ఉయ్యాల ఊపమనండి.