గ్రఫానా

గ్రఫానా అనేది కాలంతోపాటు మారే కొలతలను గ్రాఫులు, పట్టికలు, సూచికల రూపంలో ఒకే తెరపై చూపే ఓపెన్ సోర్సు సాఫ్టువేరు. ఇటువంటి తెరను డ్యాష్‌బోర్డు అంటారు. దీనిని ప్రధానంగా సర్వర్లు, నెట్‌వర్కుల పర్యవేక్షణకు వాడతారు. స్వీడన్‌కు చెందిన టోర్కెల్ ఓడెగార్డ్ దీని సృష్టికర్త. మొదటి విడుదల 2014 జనవరిలో జరిగింది. వికీమీడియా సంస్థ తన సర్వర్ల పనితీరును చూపే గ్రఫానా పుటలను ఎవరైనా చూడడానికి వీలుగా ఉంచింది. తెలుగు వికీపీడియా నడిచేది కూడా ఆ సర్వర్లపైనే.

పుట్టుక

సర్వరు కొలతలను నిల్వచేసే గ్రాఫైట్ అనే సాఫ్టువేరును క్రిస్ డేవిస్ 2006లో ఆర్బిట్జ్ సంస్థలో ప్రారంభించాడు. అది 2008లో ఓపెన్ సోర్సుగా వెలువడింది. అయితే దానిలో గ్రాఫు గీయాలంటే పొడవైన సూత్రాలను చేతితో కూర్చవలసి వచ్చేది. మరొకవైపు కిబానా 3 అనే సాఫ్టువేరు తెర చక్కగా ఉండేది కాని, అది ఎలాస్టిక్‌సెర్చ్ సమాచారానికే పరిమితం. కిబానా అపాచీ లైసెన్సుతో లభించేది కనుక, ఓడెగార్డ్ 2013 చివరలో దాని ప్రతిని తీసుకొని గ్రాఫైట్‌కు అనువుగా మార్చసాగాడు. ఈ విధంగా ఒక ప్రాజెక్టు నుండి వేరుపడి సాగే శాఖను ఫోర్క్ అంటారు.

పనిచేసే విధానం

గ్రఫానా కొలతలను తాను నిల్వచేయదు. ప్రొమీథియస్, ఇన్‌ఫ్లక్స్‌డీబీ, మైఎస్క్యూఎల్ వంటి మూలాల నుండి అడిగి తెచ్చి చూపుతుంది. మూలంలో తప్పు ఉంటే ఆ తప్పే అందమైన గ్రాఫుగా కనిపిస్తుంది.

దీనిని గుంటూరు మిర్చి యార్డు ఉదాహరణతో గ్రహించవచ్చును. ప్రతిదినం వచ్చిన టిక్కీల సంఖ్యను, తేజ రకం క్వింటాలు ధరను తేదీతో సహా మైఎస్క్యూఎల్ పట్టికలో నమోదు చేస్తే, గ్రఫానా వాటిని రెండు గీతలుగా చూపగలదు. ధర ఒక హద్దుకన్నా తగ్గితే ఈమెయిలు పంపేటట్లు కూడా అమర్చవచ్చును. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. శని, ఆదివారాలలోను, వేసవి సెలవులలోను యార్డు పనిచేయదు. ఆ రోజులకు సున్నా వ్రాస్తే ధర కుప్పకూలినట్లు కనిపించి, అనవసరంగా హెచ్చరిక వెళుతుంది. విలువను ఖాళీగా వదలడమే సరియైన పద్ధతి. ఆ ఖాళీ వద్ద గీతను తెంచాలా, కలపాలా అన్నది గ్రఫానాలో ఎంచుకొనవచ్చును. కలిపితే చూపుకు బాగుంటుంది గాని, జరగని వ్యాపారం జరిగినట్లు భ్రమ కలుగుతుంది.

అభివృద్ధిలో పాల్గొనడం

గ్రఫానా మూలరచన గిట్‌హబ్‌లో ఉన్నది. సర్వరు భాగం గో భాషలో, తెర భాగం టైప్‌స్క్రిప్టులో వ్రాయబడ్డాయి. కొత్తవారు ముందుగా నమోదైన సమస్యలలో చిన్నదానిని ఎంచుకొని, తమ ప్రతిలో సరిదిద్ది, పరీక్షించి, ఆ మార్పును చేర్చుకొనవలసిందిగా అభ్యర్థన పంపుతారు. నిర్వాహకులు దానిని పరిశీలించి స్వీకరిస్తారు, లేదా సవరణలు కోరతారు. ప్రోగ్రామింగు అంతగా రానివారు సహాయ పుటలను దిద్దవచ్చును. ఈ పని చిన్నదిగా తోచినా, అస్పష్టమైన ఒక్క వాక్యం ఎందరి కాలాన్నో వృథా చేస్తుంది.

మార్పు స్వీకరించబడాలంటే రచయిత ఒక ఒప్పందానికి అంగీకరించాలి. దాని ప్రకారం కాపీహక్కు రచయితకే ఉంటుంది. అయితే ఆ రచనను వాడుకొనే విస్తృతమైన అనుమతి గ్రఫానా ల్యాబ్స్ సంస్థకు లభిస్తుంది. ఆ సంస్థ డబ్బుకు అమ్మే కూర్పు కూడా ఒకటి ఉన్నది గనుక విద్యార్థులు ఈ ఒప్పందాన్ని చదివిన తరువాతనే అంగీకరించడం మంచిది.

లైసెన్సు

2021 ఏప్రిల్‌లో గ్రఫానా ల్యాబ్స్ ప్రధాన సాఫ్టువేరును అపాచీ 2.0 నుండి ఏజీపీఎల్ 3కు మార్చింది. అపాచీ లైసెన్సు ప్రకారం ఎవరైనా సాఫ్టువేరును మార్చి, ఆ మార్పులను దాచుకొని అమ్ముకొనవచ్చును. ఏజీపీఎల్ ప్రకారం, మార్చిన కూర్పును నెట్‌వర్కు ద్వారా అందించేవారు దాని మూలరచనను వాడుకరులకు ఇవ్వాలి. పాత విడుదలలకు మాత్రం పాత లైసెన్సే వర్తిస్తుంది. అదే సంవత్సరం కిబానా కూడా అపాచీని వదిలింది. ఓడెగార్డ్ 2013లో చేసిన పని నాటి కొత్త కిబానా నిబంధనలతో అంత సులభం అయ్యేది కాదు. 2024లో కిబానాకు ఏజీపీఎల్ కూడా ఒక ఎంపికగా చేర్చబడింది.

ప్లగిన్లు

కొత్త మూలాలను, కొత్త రకాల గ్రాఫులను జోడించే ప్లగిన్లలో చాలావాటిని బయటివారే వ్రాశారు. తొలినాళ్ళ ప్లగిన్లు యాంగులర్‌జేఎస్ అనే పద్ధతిలో ఉండేవి. గ్రఫానా క్రమంగా రియాక్ట్‌కు మారి, 2025లో వెలువడిన 12వ కూర్పులో యాంగులర్‌జేఎస్‌ను పూర్తిగా తొలగించింది. రచయితలు తిరగవ్రాయని పాత ప్లగిన్లు ఆ కూర్పు నుండి పనిచేయవు.