కలమల్ల రాయి, అంగడి ఖాతా

కలమల్ల అనగానే తెలుగు డిగ్రీ చదివిన వాళ్లకు ఒక రాయి గుర్తొస్తుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊళ్లో, చెన్నకేశవాలయం ఆవరణలో ఉన్న శాసనం అది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలానిది. దాని మీద తేదీ లేదు. అక్షరాల రూపాన్ని బట్టి క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు లెక్కగట్టారు. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనంగా దానికి పేరు. అంతకు ముందు ఈ నేల మీద రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో రాయించుకునేవాళ్లు. రేనాటి వాళ్లు జనం మాట్లాడే జబాన్‌లో రాయించారు.

నేను బడి చదువంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. క్లాసులో ఈ శాసనం పాఠం విన్నప్పటి నుంచీ నాకో సవాల్ మిగిలిపోయింది. రాయి సగం అరిగిపోయింది. మిగిలిన అక్షరాల్లో రాజు పేరుంది, రేనాడు ఉంది, రేవణకాలు అనే పేరుంది, చెనూరు కాజు అనే మాట ఉంది. చివర్లో ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడికి పంచమహాపాతకాలు తగులుతాయన్న హెచ్చరిక ఉంది. మరి ఆ ఊళ్లో ఉప్పు అమ్మినవాడెవరు? పొద్దున్నే లేచి తూనిక పట్టి, రాత్రికి నలుగురు పిల్లలకు అన్నం పెట్టినవాడెవరు? శాసనం అలాంటివాళ్ల కోసం వేయించేది కాదు. రాయిని తప్పు పట్టలేం.

మన ఖౌమ్ తారీఖ్‌ది కూడా ఇదే కథ. ఈ జిల్లాలో ముస్లిముల చరిత్ర చెప్పమంటే మనవాళ్లు కూడా ముందు జమ్మలమడుగు పక్కనున్న గండికోట పేరే ఎత్తుతారు. అక్కడి జామియా మసీదు, కడప మయానా నవాబులు, తర్వాత హైదర్ అలీ, 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించడం, ఇంతటితో ముగిస్తారు. గండికోటను 1650 ప్రాంతంలో గోల్కొండ తరఫున గెలిచిన మీర్ జుమ్లా ఎవరనుకున్నారు? ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే నగలు పట్టుకుని ఆయన్ని గండికోటలో కలిశాడు. వ్యాపారిగా వచ్చి వజీర్ అయ్యాడు గనక మీర్ జుమ్లా కితాబుల్లోకి ఎక్కాడు. వ్యాపారిగా వచ్చి వ్యాపారిగానే ఖబ్రస్తాన్‌కు వెళ్లినవాళ్ల జిక్ర్ ఎక్కడా లేదు.

అలాంటి ఒక మనిషి గురించే ఈ వ్యాసం. ఆయన మా దాదా. ప్రొద్దుటూరులో ఒక చిన్న కిరాణా అంగడి ఆయనది. పేరుతో పిలిచినవాళ్లు తక్కువ, ఊరికి ఆయన అంగడి సాయబు. పల్లెల నుంచి వచ్చే రైతులు మామా అనో చిన్నాయనా అనో పిలిచేవాళ్లు. 1915లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ప్రొద్దుటూరు. బంగారం, పత్తి, బట్టల వ్యాపారంతో దాన్ని రెండో బొంబాయి అనేవాళ్లు. కానీ ఊరికి రైలు 2016 దాకా రాలేదు. అంతవరకు రైలు సరుకంతా పెన్నకు అవతల ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి, బండ్ల మీద, ఆ తర్వాత లారీల మీద ఇటు రావాల్సిందే. కలమల్ల వైపు నుంచి జొన్నలో, వేరుశనగలో వేసుకుని వచ్చిన బండి, పోయేటప్పుడు దాదా అంగట్లో ఉప్పు, బెల్లం, కిరసనాయిలు వేసుకుని పోయేది. డబ్బు మాత్రం చాలాసార్లు కళ్లాలు అయ్యాకే.

దాదా మిగిల్చి పోయినవాటిలో నేను అడిగి తీసుకున్నది ఆయన ఖాతా పుస్తకాలు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో పైన 786 అంకె, దాని కింద అంతా తెలుగు. ఇంటికి ఖత్ రాస్తే ఉర్దూ, ఇబాదత్ అరబీలో, హిసాబ్ తెలుగులో. కొన్నవాడికి తన బాకీ తాను చదువుకునే హక్కుందనేవారు. రేనాటి రాజు జనం మాటలో రాయించాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. దాదా అదే పని రోజూ పెన్సిలుతో చేశారు.

ఆ తెలుగు ఏ తెలుగో చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, అసలు, నగదు, రసీదు, కిస్తీ, రద్దు. దుకాణం, తరాజు కూడా. ఇవన్నీ అరబీ ఫార్సీల నుంచి వచ్చి తెలుగు లెక్కల్లో కూర్చున్న లఫ్జులు. ప్రొద్దుటూరు కోమట్ల చిట్టా ఆవర్జాల్లోనూ ఈ మాటలే. తెలుగువాళ్ల హిసాబ్‌లో మన పూర్వీకుల మాట కలిసి ఉందని చూపించడానికి కోట గోడలు ఎక్కనక్కర్లేదు, ఒక పాత పద్దుల పుస్తకం తెరిస్తే చాలు.

ఈ పుస్తకాల్లో దేశ చరిత్ర కూడా పద్దులుగానే కనబడుతుంది. 1950ల మొదట్లో రాయలసీమలో వరుస కరువులు. సర్కారు గంజి కేంద్రాలు తెరిచిన రోజులవి. ఆ రోజుల పేజీల్లో బాకీల వరుస పొడుగ్గా, జమ వరుస ఖాళీగా ఉంది. కొన్ని పేర్ల మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఉర్దూలో ఒకే మాట రాసి ఉంది: మాఫ్. తెలుగు పుస్తకంలో ఆ ఒక్క మాట ఉర్దూలో ఎందుకు రాశారా అని ఆలోచించాను. మాఫ్ చేసిన సంగతి కొన్నవాడు చదివి సిగ్గుపడకూడదని అయ్యుండాలి. అది ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్న పద్దు.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అంతవరకు రూపాయికి పదహారు అణాలు. కొత్త లెక్కలో ఒక అణా అంటే ఆరుంపావు పైసలు. మూడు అణాల బాకీ పద్దెనిమిది ముప్పావు అవుతుంది. సర్కారు పట్టిక ప్రకారం దాన్ని పంతొమ్మిది చెయ్యాలి. దాదా పాత బాకీలు మార్చి రాసిన పేజీలో మూడు అణాలున్న ప్రతిచోటా పద్దెనిమిదే ఉంది. ముప్పావు పైసా తాను వదులుకున్నారు. అదేం పెద్ద రకమ్ కాదు. కానీ హలాల్ రిజ్క్ అంటే ఏమిటో నాకు వాజ్‌లలో కంటే ఆ పేజీలో బాగా అర్థమైంది.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించో మన పిల్లల్ని అడిగి చూడండి. నమాజ్ గురించో రోజా గురించో అంటారు. అది కర్జ్ రాసిపెట్టుకోవడం గురించి, సూరా బఖరాలోని 282వ ఆయత్. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని, రాసేవాడు ఇన్సాఫ్‌తో రాయాలని, గవాహ్‌లు ఉండాలని అందులో ఉంది. దానికి రెండు ఆయత్‌ల ముందే, అప్పు తీసుకున్నవాడు తంగీలో ఉంటే మొహలత్ ఇవ్వమని, వదిలేస్తే ఇంకా మంచిదని ఉంది. దాదా అంగడి ఆ రెంటి మధ్యే నడిచింది. మరచిపోకుండా రాయడం, అవసరమైనచోట కొట్టేయడం.

ఘర్‌వాలా మనిషి అని ఆయన్ని అంతా మెచ్చుకునేవాళ్లు. దానికీ ఖాతాలోనే సబూత్ ఉంది. పుస్తకాల వెనకవైపు నుంచి ఇంటి లెక్క మొదలవుతుంది. ప్రతి బిడ్డకూ ఒక పేజీ. పలక, బడి ఫీజు, ఈద్ బట్టలు, జ్వరం మందు. ఆడపిల్లల పేజీలు మగపిల్లల పేజీల కంటే పొట్టిగా లేవు. బేవా అయిన చెల్లెలికి వేరే పేజీ, అందులో నెల తప్పకుండా ఒక పద్దు. అంగడి ఖర్చు, ఇంటి ఖర్చు ఎక్కడా కలవవు.

ఒక పేరు మాత్రం ఎక్కడా లేదు. మా దాదీ పేరు. చింతపండు గింజలు తీసింది ఆమె. మిరపకాయలు ఎండబెట్టి తొడిమలు తీసింది, పాత పేపర్లతో పొట్లాలు చుట్టింది ఆమె. ఖాతాలో ఆమె జిక్ర్ వచ్చినచోట 'ఇంట్లో' అని ఉంటుంది, అంతే. కలమల్ల రాయి ఊరి దుకాణదారుణ్ణి వదిలేసినట్టే, దుకాణదారు ఖాతా తన బీవీని వదిలేసింది. దాదా మంచి మనిషి. అయినా మనం ఆయన్ని యాద్ చేసుకునేటప్పుడు ఈ ఖాళీని కూడా చూడాలి. ఆ అంగడి ఒక్కరి మెహనత్‌తో నడవలేదు.

మయ్యత్ లేచే ముందు మన మొహల్లాల్లో ఒక ఏలాన్ చేస్తారు కదా, మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే వారసులను అడగండి అని. రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం జనాజా నమాజ్‌కు ముందు ఇతనికి కర్జ్ ఉందా అని అడిగేవారని హదీసులు చెబుతున్నాయి. విరాసత్ పంచేదీ కర్జ్ తీర్చాకే. దాదా జనాజా దగ్గరా ఆ ఏలాన్ చేశారు. మా అబ్బా చెప్పిన మాట ఇది: ఇవ్వాలని ఎవరూ రాలేదు. తాము ఇవ్వాల్సి ఉందని ముగ్గురు వచ్చారు. పుస్తకం తీసి చూస్తే ఆ ముగ్గురి పద్దుల మీదా గీత కొట్టి ఉంది.

ఇదంతా మా ఖాందాన్ గొప్ప కోసం రాయలేదు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ప్రతి మొహల్లాలో ఇలాంటి అంగడి ఒకటి ఉంది లేదా ఉండేది. సైకిల్ షాపో, పరుపుల అంగడో, గాజుల దుకాణమో. వాటి ఖాతాలు ఇప్పుడు అటకల మీద చెదలు తింటున్నాయి. ఇల్లు మార్చిన రోజున కిలోల లెక్కన రద్దీకి పోతాయి. ఈ నేలతో మన రిష్తా ఏమిటని ఎవరైనా అడిగిన రోజున మనం నవాబుల పేర్లు చెబుతున్నాం. మూడు తరాల పాటు ఎవరికి ఉప్పు అప్పిచ్చామో, ఎవరు మనకు జొన్నలు తెచ్చిచ్చారో చెప్పే కాగితాలను మాత్రం తూకానికి అమ్ముకుంటున్నాం.

అందుకే ఒక గుజారిష్. ఈ శుక్రవారం మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. అంగడి ఎప్పుడు పెట్టారు, మొదటి సరుకు ఎవరు అప్పిచ్చారు, ఎందుకు మూసేశారు అని అడిగి రాసుకోండి. పాత పుస్తకం ఉంటే ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీయండి. అందులో తీరని బాకీ కనబడితే తీర్చండి, రావాల్సింది కనబడితే మాఫ్ చెయ్యండి. దాదాల పేర్లతో పాటు దాదీల, నానీల పేర్లు కూడా పూర్తిగా రాయండి. నేను మా పుస్తకాలకు కొత్త అట్టలు వేయించాను. మొదటి అట్ట లోపల దాదా పేరు, దాని పక్కనే దాదీ పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాశాను. అల్లాహ్ ఇద్దరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక, ఆమీన్.