సంగీతప్రేరిత చిత్రలేఖనము

శ్రవణగోచరమగు నాదమును నేత్రగోచరములగు వర్ణరేఖలలో నిలుపు కళావిశేషము. ఇది భారతదేశమున రాగమాలారూపమునను, ఐరోపాలో 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి పియానో మొదలగు వాద్యముల సంగీతము నాశ్రయించియు వర్ధిల్లినది.

రాగమాలలు: ఆంధ్రుడగు సోమనాథుడు 1609లో రచించిన ‘రాగవిబోధము’న రాగమునకు నాదమయమనియు దేవతామయమనియు రెండు రూపములు గలవని నిరూపించి, రెండవదానికి ధ్యానశ్లోకములు కూర్చెను. చిత్రకారులకు ఆధారములైనవి ఇట్టి ధ్యానములే. 6 రాగములు, ఒక్కొక్కదానికి 5 రాగిణులు చొప్పున 36 చిత్రములు ఒక మాల యగును. వీణానాదముచే లేళ్ళ నాకర్షించు యువతి తోడి. చందనతరువులనుండి సర్పములను రప్పించు శబరకాంత ఆసావరి. కారుమేఘముల క్రింద నర్తించు కృష్ణుడు మేఘరాగము. 1760 ప్రాంతమున హైదరాబాదులో రచింపబడిన యొక మాల, 1784–85లో అచట ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా నుండిన రిచర్డ్ జాన్సన్ సంగ్రహమున జేరి, 1807లో కంపెనీ గ్రంథాలయమునకు విక్రయింపబడి, నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది.

పియానో చిత్రములు: 1700 ప్రాంతమున ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి నిర్మించిన పియానో, మృదుస్వరములనేగాక గంభీరస్వరములను సైతము ఒక్కని వ్రేళ్ళకు వశము చేయుటవలన, 19వ శతాబ్దిలో ఐరోపా గృహములందు నెలకొన్నది. చిత్రకారుడు విస్లర్ తన థేమ్స్‌నదీ రాత్రిదృశ్యములకు, షోపాన్ కృతులను పియానోపై వాయించు అభిరుచిగల నౌకావ్యాపారి లేలండ్ సూచనపై, ‘నొక్టర్న్’ అను సంగీతనామము నుంచెను. ఆ చిత్రములలో నొకదానిని నిందించిన కళావిమర్శకుడు రస్కిన్‌పై 1878లో దావా గెలిచియు, విస్లర్ పరిహారముగా పొందినది ఒక్క ఫార్దింగ్ మాత్రమే. వార్సాలో సంగీతమభ్యసించిన లిథువేనియా స్వరకర్త చుర్లియోనిస్ (1875–1911), 1907–09 నడుమ సూర్య, సముద్ర, నక్షత్రాది సొనాటాలను చిత్రించి, వాని భాగములకు అల్లెగ్రో, అందాంతే, స్కెర్జో, ఫినాలే యనియే పేరిడెను. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ కచేరీ వినిన చిత్రకారుడు కాండిన్‌స్కీ, వెంటనే పసుపువన్నె వెల్లువనడుమ నల్లని పియానోను నిలిపి ‘ఇంప్రెషన్ 3’ను రచించెను. దీనికి విపర్యయముగా, 1873లో మరణించిన మిత్రుడు హార్ట్‌మన్ చిత్రములను స్మరించుచు స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకృతిని నిర్మింపగా, 1928లో డెస్సౌ నగరమున కాండిన్‌స్కీ దానినే రంగస్థలముపై వర్ణాకృతులుగా ప్రదర్శించెను.

తారతమ్యము: రాగమాలాకారుడు రాగమునకు ముఖమును, ఋతువును, వేళను కల్పించెను, కావున ధ్యానమెరుగనివానికి ఆ చిత్రము సగమే బోధపడును. ఐరోపా చిత్రకారుడు కథను, మూర్తిని క్రమముగా విడనాడి, స్వరముల కూర్పునే వర్ణములయందు వెదకెను. కాగా ఆంధ్రదేశమున కవియు, గాయకుడును, చిత్రకారుడును ఐన అడివి బాపిరాజు (1895–1952) ‘శబ్దబ్రహ్మ’ను చిత్రించుటలో నాదమును మరల మూర్తిగానే దర్శించెను. సంగీతమునుండి చిత్రకళ మన దేశమున రసమూర్తిని, ఐరోపాలో నిర్మాణక్రమమును గ్రహించినదని చెప్పవలసియున్నది. 20వ శతాబ్ది అమూర్తచిత్రకళకు దారి చూపినది ఈ రెండవదే.