చిలీ దేశమున బాస్కులు, క్రొయేషియనులు: రెండు వలస సంతతుల స్థితిగతులు

దక్షిణ అమెరికా ఖండమునకు పడమటి అంచున, ఆండీస్ పర్వతములకును పసిఫిక్ సముద్రమునకును నడుమ, నాలుగువేల కిలోమీటర్లకు మించిన పొడవున సన్నని పట్టెవలె సాగియున్న దేశము చిలీ. ఆ దేశమునకు వలసవచ్చి స్థిరపడిన ఐరోపా జనులలో ఇరువురి చరిత్ర పోల్చిచూడదగినది. స్పెయినుకును ఫ్రాన్సుకును మధ్యనున్న పిరనీస్ కొండల పడమటి భాగమునుండి వచ్చిన బాస్కులు మొదటివారు. ఆడ్రియాటిక్ సముద్రతీరమున డాల్మేషియా ప్రాంతమునుండి వచ్చిన క్రొయేషియనులు రెండవవారు. వీరు స్లావు జాతులలో ఒక శాఖ. ఇరువురివియు చిన్న దేశములే. ఇరువురును తమ తమ కాలములలో పెద్ద సామ్రాజ్యములకు లోబడి యుండిరి. అయినను చిలీలో వారు అనుభవించిన స్థితి ఒక్కటి కాదు.

బాస్కుల రాక స్పానిషు దండయాత్రతోనే ఆరంభమైనది. అరౌకో యుద్ధములను కావ్యముగా రచించి, 1569లో దాని మొదటి భాగమును ప్రకటించిన అలోన్సో దె ఎర్సిల్యా బాస్కు కుటుంబమునకు చెందినవాడే. కాని వారు గుంపులుగా వచ్చినది పదునెనిమిదవ శతాబ్దమున. దీనికి మూలము వారి స్వదేశపు వారసత్వ ధర్మమునందున్నది. బాస్కు పల్లెలలో ఇల్లును దాని చుట్టునున్న భూమియు విభజింపరాని ఒకే ఆస్తి. సంతానములో ఒకరికే అది దక్కును. తక్కినవారు సన్న్యాసులో, నావికులో, పరదేశవాసులో కావలసినదే. ఆ యింటికొక పేరుండును. ఆ పేరే అందలి మనుష్యులకు వంశనామమగును. ‘కొత్త యిల్లు’ అను అర్థముగల మాటయే ఎచెవెర్రియా అను ప్రసిద్ధ నామమైనది. ఇంటిపేరు అను మన తెలుగుమాట మనకంటె వారికే అక్షరాల సరిపోవునని చెప్పవచ్చును.

ఇట్లు బయలుదేరిన చిన్నకుమారులు చిలీకి వట్టిచేతులతో రాలేదు. డబ్బు లేకున్నను వారికి రెండు బలములుండెను. ఒకటి చట్టబలము. బిస్కాయా, గిపుస్కోవా సీమలలో పుట్టినవారందరు పుట్టుకచేతనే కులీనులని స్పెయిను రాజులు అంగీకరించియుండిరి. పన్నులు, పదవులు, వివాహములు అన్నియు వంశగౌరవమును బట్టి నడచు వలసరాజ్యములో అంతకు మించిన పెట్టుబడి లేదు. రెండవది బంధుబలము. శాంటియాగో నగరమున అంగడి పెట్టిన మేనమామయో పినతండ్రియో స్వగ్రామమునుండి అబ్బాయిని పిలిపించుకొనును, లెక్కలు నేర్పును, కొన్నేండ్లకు కూతురునిచ్చి వ్యాపారమప్పగించును. మేనరికమెరిగిన తెలుగువారికి ఈ పద్ధతిని వేరుగ వివరింప నక్కరలేదు.

కాలము కూడ వారికి కలిసివచ్చినది. 1687లో పెరూ దేశమున ఘోరమైన భూకంపము సంభవించి, అచ్చటి గోధుమపంట దెబ్బతినగా, లీమా నగరము చిలీ గోధుమలకై ఎదురుచూడసాగెను. ధాన్యమును, కొవ్వును, తోళ్ళను పెరూకు ఎగుమతిచేసిన వర్తకులు ఆ లాభముతో చిలీ నడిలోయలో విశాలమైన భూములు కొనిరి. పాత స్పానిషు జాగీర్దారుల కుటుంబములతో వియ్యమందిరి. భూమి చీలిపోకుండ జ్యేష్ఠునికే సంక్రమించునట్లు శాసనబద్ధము చేసికొనిరి. ఏ నియమము తమను స్వదేశమునుండి వెడలగొట్టెనో ఆ నియమమునే పరదేశమున తమ సంపదకు కోటగోడగా కట్టుకొనిరన్నమాట. ఈ జ్యేష్ఠాధికారపు భూములు 1850 తరువాత వచ్చిన చట్టములవలన గాని రద్దు కాలేదు.

లర్రయిన్, ఎర్రాసురిస్, ఎయిజగిర్రె మొదలగు వంశములు ఈ విధముగా ఏర్పడినవే. స్వాతంత్ర్య సమరకాలమున లర్రయిన్ వారి బలగమును చూచి జనులు ‘ఎనిమిదివందలవారు’ అని వాడుక పేరు పెట్టిరి. 1871 మొదలు 1906 వరకు గల కాలములో ఫెదెరికో ఎర్రాసురిస్ సన్యార్తు, ఆయన కుమారుడు ఎర్రాసురిస్ ఎచౌర్రెన్, పిమ్మట ఆ బంధువర్గమువాడే యగు హెర్మన్ రియెస్కో ఎర్రాసురిస్ దేశాధ్యక్షులైరి. ఈ ఐశ్వర్యమంతయు ఎవరి రెక్కల కష్టమనిన, ‘ఇంకిలీనో’ అనబడు పాలికాపులది. పెద్ద కమతపు అంచున చిన్న గుడిసె, కొంచెము నేల పొంది, అందుకు బదులుగా తరతరములు భూస్వామికి చాకిరి చేసినవారు వారు. ఈ పద్ధతి బానిసత్వమునుండి గాక, మొదట నామమాత్రపు కౌలుగా పుట్టి క్రమముగా బరువెక్కినదని చరిత్రకారుడు మారియో గొంగోర 1960లో నిరూపించెను.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. బాస్కు పేరు గలవారెల్లరు ధనవంతులు కారు. 1945లో నోబెల్ బహుమతి నందిన కవయిత్రి గబ్రియేలా మిస్త్రాల్ అసలు పేరు లూసిలా గొదోయ్ అల్కయాగ. అల్కయాగ బాస్కు నామమే. ఆమె పెరిగినది మాత్రము ఎల్కీ లోయలో పేదరికమున. అంతేకాదు, పందొమ్మిదవ శతాబ్దమున ఇదే బాస్కు జనులు బ్యూనస్ ఎయిరిస్ వీధులలో పాలు అమ్మిరి. ఉత్తర అమెరికాలోని నెవాడా, ఐదహో ఎడారులలో ఒంటరిగా గొర్రెలు కాచిరి. కనుక చిలీలోని బాస్కు కులీనత రక్తములోనిది కాదు. ముందుగా వచ్చి, అనుకూలమైన చట్టము నీడను, చౌకగా దొరికిన భూమిపైని స్థిరపడుటవలన కలిగినది.

క్రొయేషియనులు వచ్చునప్పటికి ఆ భూమి పంచబడిపోయినది. వారి వలసకు కారణమైన కథ ద్రాక్షతీగెతో ముడివడియున్నది. ఫిలాక్సెరా అను పురుగు ఫ్రాన్సులోని ద్రాక్షతోటల వేళ్ళను తినివేయుచుండగా, డాల్మేషియా ద్రాక్షసారాకు గిరాకి పెరిగెను. బ్రాచ్ మొదలగు ద్వీపములలో కొండరాళ్ళు ఏరి కుప్పలుపెట్టి, అప్పులు తెచ్చి, తోటలు వేసిరి. 1891లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము ఇటలీతో చేసికొన్న వాణిజ్యపు ఒడంబడిక ఇటలీ సారాను తక్కువ సుంకముతో దిగుమతి చేయించినది. ధరలు పడిపోయినవి. కొద్ది యేండ్లకే ఆ పురుగు డాల్మేషియాకును వచ్చెను. ఆవిరి ఓడల రాకతో తెరచాప ఓడల వృత్తి కూడ అప్పటికే క్షీణించుచుండెను. అప్పు మిగిలినది, తోట మిగులలేదు. పడుచువారు ఓడలెక్కిరి.

వారు దిగిన చోటులు చిలీకి రెండు కొసలు. ఉత్తరమున ఇక్వికే, అంటోఫగాస్టా; దక్షిణమున మెగెల్లన్ జలసంధి ఒడ్డున పుంటా అరేనాస్. నడుమ నున్న సారవంతమైన లోయ బాస్కు-స్పానిషు కుటుంబములది. ఒకరికి దేశపు కడుపు, ఒకరికి దాని రెండు కొసలు దక్కినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఓడరేవు అధికారులు వారి పత్రములు చూచి ‘ఆస్ట్రియనులు’ అని వ్రాసికొనిరి. ఆస్ట్రియా చక్రవర్తి పాలననుండి తప్పించుకొని వచ్చినవారికి ఆ చక్రవర్తి పేరే ముద్రగా నిలిచినది. గోదావరీముఖమున కోరంగి రేవునుండి ఓడ యెక్కి రంగూను చేరిన తెలుగు కూలీలను బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిచిన వైనము ఇచ్చట జ్ఞప్తికి రాకపోదు. వలసపోయినవాని జాతి అడుగువాడుండడు. ఓడ ఎక్కడిదో, కాగితము ఎవరిదో చాలును. ఈ పేరునుండి బయటపడుటకై చిలీలోని స్లావులు గట్టి ప్రయత్నము చేసిరి. 1902లో అంటోఫగాస్టాలో ‘స్లొబోదా’, అనగా స్వేచ్ఛ, అను పత్రిక వెలువడెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1916లో, ఆ నగరముననే దక్షిణ స్లావుల మహాసభ జరిగి ఆస్ట్రియా పాలనను నిరాకరించినది.

ఉత్తరపు ఎడారిలో పంట లేదు, నీరు లేదు, సురేకారము కలదు. 1879లో ఆరంభమైన యుద్ధమున చిలీ ఈ సీమను పెరూ, బొలీవియాలనుండి గెలుచుకొనెను. గనులలో పెట్టుబడి తొలుత ఎక్కువగా ఇంగ్లీషువారిది. గని కూలీలకు నాణెములకు బదులు బిళ్ళలిచ్చెడివారు. అవి కంపెనీ అంగడిలో తప్ప చెల్లవు. క్రొయేషియనులు కొందరు గనులలో కష్టించినను, ఎక్కువమంది రొట్టెలబట్టీలు, మాంసపు అంగళ్ళు, కిరాణా దుకాణములు పెట్టి గనులకు సరకు అందించుటను వృత్తిగా గైకొనిరి. ఆ దారినే పైకెక్కినవాడు పాస్కువల్ బబురిత్సా. 1875లో కొలొచెప్ ద్వీపమున జన్మించి, యౌవనముననే ఇక్వికే చేరి, సురేకారపు వ్యాపారమున కోటీశ్వరుడై, 1941లో మరణించెను. వాల్‌పరైసో కొండమీది ఆయన భవనము తరువాత చిత్రకళా ప్రదర్శనశాల అయినది. కాని ఆయన వంటివారు అరుదు. జర్మనీలో కృత్రిమముగా నత్రజని ఎరువు తయారుచేయు విద్య వ్యాపించిన పిదప సురేకారపు ధర కూలి, 1930 తరువాత ఎడారిలోని గనుల ఊళ్ళు ఒక్కొక్కటే పాడుపడినవి. అంగడి మూసిన ‘ఆస్ట్రియను’ శాంటియాగోకు చేరి మరల అంగడి తెరచెను.

దక్షిణమున బంగారము వారిని పిలిచినది. 1890 ప్రాంతమున బీగిల్ కాలువకు దక్షిణమునగల ద్వీపములలో ఇసుక కడిగి బంగారము తీసినవారిలో డాల్మేషియనులు పెక్కురు. అది త్వరలోనే అడుగంటినది. టియెర్రా దెల్ ఫ్వేగో ద్వీపములో భూమి దొరకునా యనిన, 1893లో స్థాపితమైన పెద్ద గొర్రెల కంపెనీ లక్షల ఎకరములను కౌలుకు తీసికొనియుండెను. ఆ భూమిపై అనాదిగా వేటాడి జీవించిన సెల్క్‌నమ్ జనులను గొర్రెల మందల యజమానులు కూలికి మనుష్యులను పెట్టి చంపించిరి. ఒక తరములో ఆ జాతి దాదాపు అంతరించినది. క్రొయేషియనులకు ఆ పెద్ద కౌళ్ళలో భాగము లేకున్నను, వారు కట్టుకొన్న పోర్వెనీర్ పట్టణము ఆ ఖాళీచేయబడిన నేలపైననే లేచినదను సంగతిని దాచిపెట్టిన చరిత్ర చరిత్ర కాజాలదు. 1914లో పనామా కాలువ తెరువబడగా పుంటా అరేనాస్ రేవు వెలవెలబోయెను. అయినను వారు ఊరు విడువలేదు. అచ్చటి ఒక పేట నేటికిని క్రొయేషియనుల పేట యనియే పిలువబడుచున్నది. విచిత్రమేమనగా, 1918 నుండి 1920 వరకు ఆ పట్టణపు బాలికల పాఠశాలకు అధ్యక్షురాలుగా నుండినది పైన చెప్పిన గబ్రియేలా మిస్త్రాల్. పేద బాస్కు నామధారిణి ఆ బాలికా పాఠశాలను నడిపిన కాలమున, ఆ పట్టణములో డాల్మేషియా అంగడివారి సంతతి పెరుగుచుండెను.

చదువే ఈ రెండవ సంతతికి మెట్టయినది. భూమి లేనివారికి బడి తప్ప వేరు దారి లేదు. తాత దుకాణదారు, తండ్రి గుమాస్తా లేక ఉపాధ్యాయుడు, మనుమడు వైద్యుడు లేక న్యాయవాది — ఇది వారిలో తరచుగా కానవచ్చు క్రమము. రొకె ఎస్తెబన్ స్కార్పా 1980లోను, అంటోఫగాస్టాలో పుట్టిన అంతోనియో స్కార్మెతా 2014లోను జాతీయ సాహిత్య బహుమతి నందిరి. పుంటా అరేనాస్ చరిత్రను జీవితకాలము పరిశోధించిన మతెయో మార్తినిచ్‌కు 2000లో జాతీయ చరిత్ర బహుమతి లభించినది. 1970 అధ్యక్ష ఎన్నికలలో కలామాలో పుట్టిన క్రొయేషియను రదొమీరో తొమిచ్ పోటీచేసి మూడవవాడుగా నిలిచెను. గెలిచిన సాల్వడోర్ అయ్యెందే పేరు బాస్కు పేరు. 1973 సెప్టెంబరు 11న ఆయనను కూలద్రోసిన సేనాని పినోచెత్ తల్లి పేరు ఉగార్తె. అదియు బాస్కు నామమే. నామములను బట్టి రాజకీయములు నిర్ణయించువారికి ఇది గుణపాఠము. పుంటా అరేనాస్‌లో జన్మించిన గబ్రియేల్ బోరిచ్ 2021 డిసెంబరులో ఎన్నికై, 2022 మార్చిలో అధ్యక్షపదవి స్వీకరించెను.

1967 నాటి భూసంస్కరణ చట్టము పెద్ద కమతములను విడగొట్టినది. 1973 తరువాత కొంత భూమి పాత యజమానులకు మరలి వచ్చినను, పాలికాపుల కాలము మరలి రాలేదు. అయినను పాత కుటుంబములు అంతరింపలేదు. బ్యాంకులకు, పండ్ల ఎగుమతులకు, వృత్తివిద్యలకు తమ పలుకుబడిని మరల్చుకొనిరి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2017లో చిలీ అసమానతలపై ప్రకటించిన నివేదిక వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు అను వృత్తులలో ఏ వంశనామములు అధికముగా నున్నవో పరిశీలించినది. బాస్కు-స్పానిషు కులీన నామములును, తరువాత వచ్చిన ఇతర ఐరోపా నామములును ముందు వరుసలో నుండెను. ఆ వృత్తులలో కానరాని నామములలో ఎక్కువ దేశీయులైన మపూచే జనులవి. వలసవచ్చిన ఇరువురి అంతరము కాలక్రమమున తగ్గినది. వలసరానివారికిని వారికిని గల అంతరము తగ్గలేదు.

రెండు ధారలు కలసినచోట్లును కలవు. చిలీలో అత్యంత ధనికుడుగా పేరొందిన గనుల యజమాని ఆంద్రోనికో లుక్సిచ్ అబరోవా (1926–2005) తండ్రి బ్రాచ్ ద్వీపమునుండి వచ్చినవాడు. తల్లి పేరైన అబరోవా బాస్కు పదము. తన తొలి గనికి ఆయన పెసోలలో చెప్పిన ధరను జపానువారు డాలర్లుగా నెంచి చెల్లించిరని ఒక కథ ప్రచారమునందున్నది. అంగడివాని కుమారుడు కులీనుల సరసన కూర్చుండుటకు అదృష్టమైనను కావలెనని జనుల భావము కాబోలు.

మాతృభాష ఇరువురి ఇండ్లలోను నిలువలేదు. బాస్కు మాట మొదటి తరముతోనే స్పానిషులో కలసిపోయినది. క్రొయేషియను మాట మూడవ తరము వరకు కొన్ని వంటయిండ్లలో వినబడినది. క్రొయేషియా 2013లో ఐరోపా సమాఖ్యలో చేరినది; 2020 నుండి వలసపోయినవారి సంతతికి భాషాపరీక్ష లేకయే పౌరసత్వమిచ్చుచున్నది. ‘ఆస్ట్రియను’ అని ముద్రవేయబడినవాని మునిమనుమలు ఇప్పుడు ఆ పత్రములకై తాతగారి జన్మస్థానమును తెలుపు చర్చి నమోదు నకలును బ్రాచ్ ద్వీపమునుండి తెప్పించుకొనుచున్నారు. లర్రయిన్ వంశీయునకు అట్టి అక్కర లేదు. ఆయన తాతలు వచ్చినపుడు అడిగిన కాగితము కులీనతా పత్రమొక్కటే.