ఒకే ప్రోగ్రాం, మూడు వరుసలు

భీమిలి మెయిన్‌రోడ్డులో జిరాక్సులు తీస్తూ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న షాపు ఒకటుంది. వన్-బి, అడంగల్ కాపీల కోసం రైతులు, హాల్‌టికెట్ల కోసం పిల్లలు, ఆధార్ ప్రింటు కోసం పెద్దవాళ్లు వచ్చిపోతుంటారు. అక్కడి కంప్యూటర్ పాతది. 2020 జనవరి 14తో విండోస్ 7కు అప్‌డేట్లు ఆగిపోయాక దాంట్లో లినక్స్ వేయించారు, భాష తెలుగు పెట్టారు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి 'ఓపెన్ విత్' దగ్గరికి వెళ్తే, పైన ఒక వరుస శుభ్రంగా తెలుగులో, దాని కింద అదే ప్రోగ్రాం పేరు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో రెండుసార్లు. "ఏది నొక్కినా అదే వచ్చేస్తంది సార్. వైరస్ పట్టిందంటారా?" అని షాపు కుర్రాడు అడిగాడు.

వైరస్ కాదు. ఆ మూడు వరుసల్లో ఏదీ తనంతట తాను పుట్టలేదు. ప్రతి వరుసనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రాశారు. రాసిన చోటు దొరికితే తీసేయడం రెండు నిమిషాల పని. దొరక్కపోతే కంప్యూటర్ ఫార్మాట్ చేయించేవాళ్లను కూడా చూశాను. అందుకే ఈ మెనూ ఎక్కడ పుట్టింది, అందులో వరుసలు రాసే హక్కు ఎవరెవరి చేతుల్లోకి వెళ్లింది అన్నది తెలుసుకోవడం అవసరం.

చేయి ఉన్న చోటే మెనూ తెరుచుకోవాలన్న ఆలోచన 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. అక్కడ తయారైన స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థలో మౌస్ బటన్ నొక్కితే మెనూ బాణం పక్కనే ప్రత్యక్షమయ్యేది. అందులో ఏముండాలో ప్రోగ్రాం రాసినవాళ్లే నిర్ణయించేవారు. బయటివాళ్లు వచ్చి వరుసలు చేర్చే వీలు సాధారణ వాడకందారులకు తెలియదు కనుక, ఒకటే రెండుసార్లు కనిపించే బెడద కూడా వాళ్లకు లేదు.

1984లో ఆపిల్ మెకింతోష్ ఒకే బటన్ మౌస్‌తో వచ్చింది. మెనూలన్నీ తెర పైఅంచుకు వెళ్లిపోయాయి. కానీ మన కథకు మెకింతోష్ ఇచ్చినది వేరే ఉంది. ప్రతి ఫైలుకూ నాలుగు అక్షరాల 'టైప్', నాలుగు అక్షరాల 'క్రియేటర్' అని రెండు గుర్తులు తగిలించారు. ఇది ఏ రకం ఫైలు, దీన్ని ఏ ప్రోగ్రాం తయారుచేసింది అన్నది వాటిని చూసి తెలుసుకునేవారు. ఏ క్రియేటర్‌కు ఏ ప్రోగ్రాం అన్న చిట్టాను ప్రతి డిస్కు మీదా కంటికి కనిపించని ఒక ఫైల్లో దాచేవారు. చిట్టా తప్పితే ఐకాన్లు మారిపోయేవి, ఫైళ్లు తెరుచుకునేవి కావు. అప్పుడు కమాండ్, ఆప్షన్ మీటలు పట్టుకుని యంత్రాన్ని స్టార్ట్ చేస్తే చిట్టా మళ్లీ మొదటినుంచి తయారయ్యేది. నేటి మ్యాక్‌లో 'ఓపెన్ విత్' కింద ఒకే ప్రోగ్రాం రెండు మూడుసార్లు కనిపిస్తే చేసే వైద్యం కూడా దాదాపు అదే. లాంచ్ సర్వీసెస్ అనే చిట్టాను చెరిపి కొత్తగా రాయించడం. ఇది పనిచేస్తుంది, కాదనను. కానీ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదు. బ్యాకప్ డిస్కులో అదే ప్రోగ్రాం పాత కాపీ ఉంటే కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది.

అసలు మలుపు మైక్రోసాఫ్ట్ దగ్గర వచ్చింది. 1992లో విండోస్ 3.1తో పాటు ఒక రిజిస్ట్రీ వచ్చింది. తర్వాతి కాలంలో కంప్యూటర్లోని సమస్త సెట్టింగులకూ నిలయమైన ఆ రిజిస్ట్రీలో అప్పట్లో ఉన్నవి ప్రధానంగా ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలి అన్న సంగతులు, ఒక ప్రోగ్రాంలో చేసినదాన్ని ఇంకోదాని ఫైల్లో పొదిగే ఓఎల్ఈ వివరాలు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది. ఎక్స్‌ప్లోరర్ అనే ఫైల్ మేనేజర్, రైట్ క్లిక్ మెనూ కోట్లమందికి అలవాటయ్యాయి. ఆ మెనూలో ఏ ప్రోగ్రాం అయినా తన వరుస తానే రాసుకోవచ్చు. కొత్తగా ఇన్‌స్టాల్ అయిన జిప్ ప్రోగ్రాం 'ఇక్కడే విప్పు' అని ఒక వరుస, యాంటీవైరస్ 'స్కాన్ చేయి' అని ఒక వరుస చేర్చేవి. ప్రోగ్రాం తీసేసినప్పుడు ఆ వరుస చెరపాల్సిన బాధ్యత కూడా ఆ ప్రోగ్రాందే. చెరపకుండా వెళ్లిపోయినవి ఎన్నో. పాత వెర్షన్ వరుస అలాగే ఉండగా కొత్త వెర్షన్ ఇంకోటి రాసుకునేది. మెనూ పొడవు పెరుగుతూ పోయింది. చివరికి 2021లో వచ్చిన విండోస్ 11 పొట్టి మెనూ చూపించి, పాత జాబితాను 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి నెట్టింది. నా దృష్టిలో అది తప్పించుకోవడమే గాని తీర్చడం కాదు.

లినక్స్ లోకంలో ఇదంతా బయటికి కనిపించే రీతిలో జరిగింది. అందుకే నాకు ఆ చరిత్ర మీద మక్కువ. 1996లో మథియాస్ ఎట్రిష్ కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను ప్రకటించారు. 1997లో మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మెనా గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ మొదలుపెట్టారు. దేని మెనూ దానిదే. ఒకదాంట్లో కనిపించే ప్రోగ్రాం రెండోదాంట్లో కనిపించేది కాదు. 2000లో హావొక్ పెన్నింగ్టన్ ఈ రెండు వర్గాలకూ ఉమ్మడి వేదికగా ఫ్రీడెస్క్‌టాప్ స్థాపించారు. అక్కడ కుదిరిన ఒప్పందాల్లో మనకు కావలసింది 'డాట్ డెస్క్‌టాప్' ఫైలు. మెనూలో ప్రతి ప్రోగ్రాంకీ ఒక చిన్న ఫైలు ఉంటుంది. రిజిస్ట్రీ లాంటి ఉమ్మడి కొట్టు లేదు.

దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడవచ్చు. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య 'డెస్క్‌టాప్ ఎంట్రీ' అని ఉంటుంది. 'నేమ్' దగ్గర మెనూలో కనిపించే పేరు. 'ఎగ్జెక్' దగ్గర నడపాల్సిన కమాండ్. 'మైమ్‌టైప్' దగ్గర ఈ ప్రోగ్రాం తెరవగల ఫైళ్ల రకాలు, సెమికోలన్లతో విడదీసి. ఈ రకాల పేర్లు ఈమెయిల్‌కు జోడించే ఫైళ్ల కోసం 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన పద్ధతిలోనివి. ఇక 'నేమ్' పక్కనే బ్రాకెట్లో 'టీ, ఈ' అక్షరాలున్న వరుస కనిపిస్తే అది తెలుగు పేరు. స్వేచ్ఛ వంటి సంస్థల వలంటీర్లు, గ్నోమ్, కేడీఈ తెలుగు అనువాదకులు ఏళ్ల తరబడి ఓపికగా చేసిన పని చాలావరకు ఇలాంటి వరుసల్లోనే ఉంటుంది. డెస్క్‌టాప్ తెలుగులో పెట్టుకున్నవాళ్లు రోజూ చదివేది వాళ్ల రాతే.

ఒప్పందం కుదిరినంత మాత్రాన పాతది పోలేదు. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కు ముందునుంచీ తనదైన మెనూ పద్ధతి ఉండేది. ప్రతి ప్యాకేజీ దానికో ఫైలు, డాట్ డెస్క్‌టాప్ ఇంకో ఫైలు ఇచ్చేది. ఫలితంగా కొన్ని డెస్క్‌టాప్‌లలో 'డెబియన్' అని ఒక ఉపమెనూ, అందులో పైనున్న ప్రోగ్రాములే మళ్లీ. 2015లో డెబియన్ సాంకేతిక కమిటీ తీర్పు చెప్పింది: డాట్ డెస్క్‌టాప్ ఫైలు ఇచ్చే ప్యాకేజీ పాత మెనూ ఫైలు ఇవ్వకూడదు. తెలుగుతో సహా భారతీయ భాషల కోసం సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే కాబట్టి ఈ తగువు మనకు దూరపుదేమీ కాదు.

ఇంతకీ రెండు వరుసలు ఒకటేనని కంప్యూటర్ దేన్నిబట్టి గుర్తుపడుతుంది? మెనూలో కనిపించే పేరును బట్టి కాదు, కమాండ్‌ను బట్టి కూడా కాదు. డాట్ డెస్క్‌టాప్ ఫైలుకు పెట్టిన పేరును బట్టి. అదే పేరుగల ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లోనూ, సిస్టమ్ ఫోల్డర్‌లోనూ ఉంటే హోమ్‌లోనిదే చెల్లుతుంది, మెనూలో ఒక్క వరుసే వస్తుంది. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రెండు వరుసలు. ఇంగ్లిష్ వారి పాత పటాల్లో బిమ్లిపటం, రికార్డుల్లో భీమునిపట్నం, నోటిమాటలో భీమిలి. మూడూ ఒకే ఊరని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు, కానీ ఫైల్ మేనేజర్‌కు ఆ ఊరి పరిచయం లేదు.

ఈ నియమం చేతిలో ఉంటే దాదాపు ప్రతి డూప్లికేట్‌కూ మూలం చెప్పవచ్చు. 2016 నుంచి స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అని ప్రోగ్రాములు వేసుకునే రెండు కొత్త దారులు వాడుకలోకి వచ్చాయి. వీఎల్‌సీ ప్లేయర్‌ను మామూలు ప్యాకేజీగా వేస్తే దాని ఫైలు పేరు ఉత్త 'వీఎల్‌సీ'. స్నాప్‌గా వేస్తే 'వీఎల్‌సీ అండర్‌స్కోర్ వీఎల్‌సీ'. ఫ్లాట్‌ప్యాక్‌లో 'ఆర్గ్ డాట్ వీడియోలాన్ డాట్ వీఎల్‌సీ'. మూడూ వేసుకున్నవారికి మూడు వరుసలు వస్తాయి, నిజంగానే మూడు కాపీలున్నాయి కాబట్టి అక్కడ మెనూ చెప్పేది నిజమే. లిబ్రే ఆఫీస్‌ను డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన దానితో పాటు సంస్థ సైటు నుంచి కూడా దించుకుంటే రెండోదాని ఫైలు పేరులో వెర్షన్ సంఖ్య చేరుతుంది, రైటర్ రెండుసార్లు కనిపిస్తుంది. విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ వేసుకుంటే 'వైన్ ఎక్స్‌టెన్షన్' అని మొదలయ్యే ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో చేరి, టెక్స్ట్ ఫైలుకు కూడా నోట్‌ప్యాడ్‌ను చూపిస్తాయి.

భీమిలి షాపులో జరిగింది వీటిలో ఏదీ కాదు. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కాం. చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లు బయటపడ్డాయి. 'డాట్ లోకల్'లో 'షేర్', అందులో 'అప్లికేషన్స్'. అక్కడ 'యూజర్‌యాప్' అని మొదలై, ప్రోగ్రాం పేరు, ఆ తర్వాత అర్థంలేని ఆరు అక్షరాలతో ముగిసే ఫైళ్లు రెండున్నాయి. ఎప్పుడో పీడీఎఫ్ తెరుచుకోకపోతే కుర్రాడు 'వేరే అప్లికేషన్' పెట్టెలో ప్రోగ్రాం కమాండ్ టైపు చేశాడు. అలా టైపు చేసినప్పుడల్లా జీలిబ్ అనే అడుగు సాఫ్ట్‌వేర్ కొత్త డాట్ డెస్క్‌టాప్ ఫైలు సృష్టిస్తుంది. పాతదానితో గొడవ రాకుండా చివర ఆరు అక్షరాలు తోచినట్టు పెడుతుంది. పేరు ఢీకొనకూడదన్న ఆ జాగ్రత్తే వరుసను రెండు చేసింది. వాటిలో తెలుగు పేరు వరుస లేదు, అందుకే ఇంగ్లిష్ అక్షరాలు. రెండు ఫైళ్లూ తెరిచి, ఎగ్జెక్ వరుస చూసి, తీసేశాం. పైనున్న తెలుగు వరుస ఒక్కటే మిగిలింది.

హోమ్ ఫోల్డర్‌లోనివి ఇలా తీసేయవచ్చు. సిస్టమ్ ఫోల్డర్‌లోని ఫైలును మాత్రం తీయకండి, తర్వాతి అప్‌డేట్‌తో తిరిగొస్తుంది. దాన్ని అదే పేరుతో హోమ్‌లోని అప్లికేషన్స్ ఫోల్డర్‌కు కాపీ చేసి ఒక వరుస చేర్చాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. 'నోడిస్‌ప్లే ట్రూ' అని రాస్తే ప్రోగ్రాం అప్లికేషన్ల మెనూలోంచి మాత్రమే పోతుంది, ఓపెన్ విత్‌లో అలాగే ఉంటుంది. జీలిబ్ సృష్టించే యూజర్‌యాప్ ఫైళ్లలో కూడా ఈ వరుస ఉంటుంది, అందుకే అవి అప్లికేషన్ల మెనూలో ఎన్నడూ కనపడవు. రెండుచోట్లా పోవాలంటే 'హిడెన్ ట్రూ' అని రాయాలి. అప్పుడు ఆ ఫైలు లేనట్టే లెక్క. మరో సంగతి: ఎప్పుడో కాపీ చేసి పెట్టుకున్న ఫైలు హోమ్‌లో ఉంటే, సిస్టమ్ ఫైలుకు తర్వాత తెలుగు పేరు చేరినా మీకు కనిపించదు. పాత కాపీదే చెల్లుబాటు. తెలుగు డెస్క్‌టాప్‌లో ఒక్క ప్రోగ్రాం పేరు మాత్రం ఇంగ్లిష్‌లో మొండికేసి ఉంటే ముందు వెతకాల్సింది ఈ కాపీనే.

పేరు ఒకటై ప్రోగ్రాములు వేరైన సందర్భం కూడా ఉంది. జీఎడిట్, ఎక్స్‌ఎడ్ రెండూ మెనూలో 'టెక్స్ట్ ఎడిటర్' అనే చెప్పుకునేవి. 2019 ఆగస్టులో వచ్చిన లినక్స్ మింట్ 19.2 దీనికి ఒక మంచి ఉపాయం చేసింది. అప్లికేషన్ల మెనూలో ఒకే పేరుతో రెండు వరుసలు వస్తే ఏదీ దాచదు. పక్కన బ్రాకెట్లో ఒకదానికి ఎక్స్‌ఎడ్ అని, ఇంకోదానికి జీఎడిట్ అని రాస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ కాపీ అయితే ఆ సంగతి కూడా చెబుతుంది. విండోస్ వరుసలను దాచింది, మ్యాక్ చిట్టాను చెరిపి రాసింది, వీళ్లు వరుస ఎక్కడినుంచి వచ్చిందో వరుసలోనే చూపారు. రైట్ క్లిక్ మెనూల్లో కూడా ఇదే పద్ధతి రావాలని నా కోరిక.