సారాంశ బోధన

చరిత్ర, విజ్ఞానశాస్త్రం, భూగోళం, జీవితచరిత్ర, వార్త వంటి కథేతర పాఠాలను చదివిన పిల్లలు వాటిలోని ముఖ్యవిషయాన్ని సొంత మాటల్లో క్లుప్తంగా చెప్పేలా, రాసేలా నేర్పడమే సారాంశ బోధన. తెలుగు తరగతుల్లో ఈ పనిని సంక్షిప్తీకరణ అని కూడా అంటారు. పైకి ఇది రాత పనిలా కనిపిస్తుంది గానీ, అసలు పరీక్ష చదువుకే. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవాలంటే ముందు పాఠం అర్థం కావాలి.

కథ వేరు, పాఠం వేరు

రామాయణమంతా మూడు ముక్కల్లో చెప్పమంటే తెలుగువాళ్లు చెప్పే మాట ‘కట్టె, కొట్టె, తెచ్చె’. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. కథలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారు కాబట్టి, ఆ పనుల వెంట నడిస్తే చాలు, ఒకటో తరగతి పిల్లలు కూడా కథను కుదించి చెప్పగలరు.

కథేతర పాఠంలో ఆ ఆసరా ఉండదు. నీటిచక్రం పాఠంలో నాయకుడు లేడు. వానపాము గురించిన పాఠంలో మలుపులు లేవు. ప్రతి వాక్యంలోనూ ఒక కొత్త సంగతి ఉంటుంది, ప్రతి సంగతీ పరీక్షలో వచ్చేలాగే కనిపిస్తుంది. అందుకే ముఖ్యమైన వాక్యాల కింద గీత గీయమంటే చాలామంది పిల్లలు పేజీ అంతా గీసి ఇస్తారు.

తాత్పర్యం, సారాంశం

పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పించడం తెలుగు బడిలో పాత అలవాటు. తాత్పర్యం పద్యాన్ని విప్పుతుంది. నాలుగు పాదాలు ఆరేడు వాక్యాలవుతాయి. సారాంశం దీనికి ఎదురు పని. అది ముప్పై వాక్యాలను మూడుగా ముడుస్తుంది. మొదటిదాంట్లో ఏదీ వదలకూడదు, రెండోదాంట్లో వదలడమే నేర్పు. తాత్పర్యానికి అలవాటుపడిన విద్యార్థి సారాంశం రాయమన్నప్పుడు పాఠాన్ని దాదాపు అంతే పొడవున తిరగరాయడానికి ఇదొక కారణం.

రెండో కారణం గైడు. ‘పాఠ్యభాగ సారాంశం’ అని గైడులో అచ్చులో ఉంటుంది; విద్యార్థి దాన్ని బట్టీపట్టి పరీక్షలో దించుతాడు. అక్కడ ఎంచే పని, వదిలే పని గైడు రాసినవారే చేసేశారు. విద్యార్థికి మిగిలింది జ్ఞాపకం పెట్టుకోవడం ఒక్కటే. సారాంశం చదువుకు పనికిరావాలంటే అది పిల్లల చేతుల్లోనే తయారు కావాలి. తెలంగాణ తెలుగు వాచకాల్లో ‘అవగాహన–ప్రతిస్పందన’ కింద వచ్చే అపరిచిత గద్యాలు ఇందుకు మంచి చోటు.

పరిశోధన చెప్పినది

మనుషులు చదివినదాన్ని మనసులో ఎలా కుదించుకుంటారో వివరిస్తూ వాల్టర్ కింట్ష్, ట్యూన్ వాన్ డైక్ 1978లో ఒక నమూనా ప్రతిపాదించారు. దాని ఆధారంగా 1983లో ఆన్ బ్రౌన్, జీన్ డే పిల్లల సారాంశాలను పరిశీలించి ఆరు సూత్రాలు చెప్పారు. అనవసరమైనది తీసేయడం, మళ్లీ మళ్లీ వచ్చినది తీసేయడం, వస్తువుల జాబితాకు ఒకే పేరు పెట్టడం, పనుల జాబితాను ఒకే పనిగా చెప్పడం, పేరాలో ముఖ్యవాక్యం ఉంటే ఎంచుకోవడం, లేకపోతే తామే రాయడం.

మామిడి, జామ, సపోటా అని పాఠంలో ఉంటే ‘పండ్లు’ అనడం మూడో సూత్రం. దుక్కి దున్ని, నారు పోసి, నాట్లు వేశారని ఉంటే ‘వరి సాగు మొదలుపెట్టారు’ అనడం నాలుగోది. అయిదో తరగతి పిల్లలకు తీసేయడం బాగానే వచ్చింది. ముఖ్యవాక్యాన్ని తామే కల్పించడం దగ్గర మాత్రం చిన్నవాళ్లు ఆగిపోయారు. పాఠాన్ని వరసగా చదువుతూ కొన్ని వాక్యాలు కొట్టేసి, మిగిలినవి ఉన్నవున్నట్టు దించడమే వారు ఎక్కువగా చేశారు.

1984లో ఆన్‌మరీ పాలిన్‌సర్, ఆన్ బ్రౌన్ ‘పరస్పర బోధన’ను వివరించారు. చిన్న బృందంలో పిల్లలు వంతులవారీగా టీచర్ పాత్ర తీసుకుంటారు. ప్రశ్న అడగడం, తెలియనిది విడమరచుకోవడం, తర్వాత ఏమొస్తుందో ఊహించడం, సారాంశం చెప్పడం అందులోని నాలుగు పనులు. స్టీవ్ గ్రాహం, డోలొరెస్ పెరిన్ 2007లో రచనా బోధన పద్ధతులను పోల్చి చూసినప్పుడు బలమైన ఫలితాలిచ్చిన వాటిలో సారాంశ బోధన కూడా నిలిచింది.

ఒక పాఠం, రెండు సారాంశాలు

మయన్మార్‌ (పాత పేరు బర్మా)లో యాంగోన్ (పాత పేరు రంగూన్) పక్కనున్న తన్లిన్ గురించి పిల్లలు చదవదగిన ఒక పేరా ఇలా ఉండవచ్చు:

“తన్లిన్ పాత పేరు సిరియం. ఇది యాంగోన్‌కు బగో నది అవతల ఉంది. 17వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు సాహసి ఫిలిప్ డి బ్రిటో ఈ రేవును ఏలాడు. 1613లో బర్మా రాజు అనౌక్‌పెట్లున్ అతణ్ణి ఓడించాడు. ఆ తర్వాత కూడా యూరప్ వర్తకుల ఓడలు ఇక్కడికి వచ్చేవి. 1756లో బర్మా రాజు అలౌంగ్‌పయ సిరియంను పట్టుకున్నాక రేవు వ్యాపారం రంగూన్‌కు మారింది. బ్రిటిష్ కాలంలో బర్మా ఆయిల్ కంపెనీ ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారం నడిపింది. 1942లో జపాన్ సేనలు రంగూన్‌కు చేరేలోపే బ్రిటిష్‌వారు దాన్ని ధ్వంసం చేశారు. 1993లో నది మీద వంతెన తయారైంది. ఇప్పుడు రోడ్డు, రైలు రెండూ దాని మీదుగా వెళ్తాయి.”

కొట్టేసి దించే పద్ధతిలో రాస్తే సారాంశం ఇలా వస్తుంది: “తన్లిన్ పాత పేరు సిరియం. 1613లో అనౌక్‌పెట్లున్ గెలిచాడు. 1942లో కర్మాగారాన్ని ధ్వంసం చేశారు. 1993లో వంతెన తయారైంది.” ఇందులో తప్పులేమీ లేవు. కానీ ఒక వాక్యానికి మరో వాక్యంతో పొత్తు లేదు, ఊరికి ఏమైందో తెలియదు.

ఇక్కడ టీచర్ వేయవలసిన ప్రశ్న ఒక్కటే: “ఈ పేరా మొత్తం దేని గురించి చెబుతోంది?” తేదీలు, రాజుల పేర్లు పక్కన పెట్టి ఆలోచిస్తే పిల్లలకు మూడు మాటలు దొరుకుతాయి: రేవు, చమురు, వంతెన. వాటిని కలిపితే ఇలా అవుతుంది: “ఒకప్పుడు విదేశీ ఓడలు వచ్చే రేవైన తన్లిన్, యుద్ధంలో ఓడాక ఆ వ్యాపారాన్ని రంగూన్‌కు పోగొట్టుకుంది. తర్వాత చమురు కర్మాగారపు ఊరైంది. ఇప్పుడు వంతెనతో యాంగోన్‌కు ముడిపడింది.” ‘విదేశీ ఓడలు వచ్చే రేవు’ అన్న మాట పేరాలో ఎక్కడా లేదు. పిల్లలు కల్పించుకోవలసింది అలాంటి మాటే.

తరగతిలో నడిపే తీరు

మూడు, నాలుగు తరగతుల్లో నోటితో మొదలుపెట్టడం మేలు. పేరా చదివాక పుస్తకం మూయించి, పక్కవాడికి రెండు వాక్యాల్లో చెప్పమనాలి. పుస్తకం తెరిచి ఉంటే చెయ్యి దించడానికే పోతుంది. తర్వాత టీచర్ నల్లబల్ల మీద తానే ఒక పేరాను కుదించి చూపాలి. ఏ వాక్యాన్ని ఎందుకు కొట్టేస్తున్నదీ పైకి చెబుతూ చూపాలి. ఆపైన ఇద్దరిద్దరుగా, చివరికి ఒక్కొక్కరుగా రాయించాలి.

పాఠం అల్లిక కూడా దారి చూపుతుంది. కారణం–ఫలితం చెప్పే పాఠానికి రెండు గళ్లు, పోలిక చెప్పేదానికి రెండు నిలువు వరసలు, దశలు చెప్పేదానికి బాణం గుర్తులు గీయించి, ఆ గళ్లలో నిండిన మాటల నుంచి వాక్యాలు కట్టించవచ్చు. దిద్దేటప్పుడు చూడవలసినవి నాలుగు: ముఖ్యవిషయం ఉందా, మాటలు పిల్లలవేనా, పాఠంలో లేని సొంత అభిప్రాయం చొరబడిందా, చిన్న సంగతి పెద్ద చోటు ఆక్రమించిందా.

రెండు భాషల పిల్లలు

బడిలో ఒక భాష, ఇంట్లో మరో భాష ఉన్న పిల్లలకు బర్మా తెలుగువారి పిల్లలు ఒక ఉదాహరణ. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి బర్మాకు వెళ్లినందువల్ల అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. రంగూన్ రేవు కూలీల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1942లో జపాన్ దాడి, 1960లలో సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వ జాతీయీకరణ వల్ల ఎందరో తిరిగివచ్చారు. అక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలకు బడిలో చదువు బర్మీస్‌లో సాగుతుంది. మయన్మార్‌లో 2016 తర్వాత కేజీ, ఆపై 12 తరగతుల విధానం వచ్చి, కంఠస్థం తగ్గించి ఆలోచన పెంచాలన్న ఉద్దేశంతో ప్రాథమిక తరగతులకు కొత్త వాచకాలు రాశారు.

ఇలా రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు సారాంశం రెండు విధాల అక్కరకొస్తుంది. బర్మీస్‌లో చదివిన తన్లిన్ పాఠాన్ని ఇంట్లో అమ్మమ్మకు తెలుగులో మూడు వాక్యాల్లో చెప్పమంటే, పుస్తకంలోని వాక్యాన్ని దించే వీలే ఉండదు. రెండోది, ‘రేవు’ అన్న మాట తెలియకపోతే, “ఓడలు వచ్చి ఆగే చోటు” అని చెప్పాలి. అప్పుడు అమ్మమ్మ ఆ మాట అందిస్తుంది.